గ్యాసు నిండేలోగా

(సవిన్యా లోయలో బీరులో వేసే హాప్ తీగలన్నీ కోసేశాక, సెప్టెంబరు ఆఖరి గురువారం పొద్దున. అగ్నిమాపక సంఘం వెనక ఇర్మా గ్యాసు నింపే షెడ్డు. ముసలి నాత్సె తోపుడుబండిలో బొగ్గుపులుసు వాయువు సిలిండరు పెట్టుకుని వచ్చాడు. బండి గుమ్మం దాటకముందే మాట దాటింది.)

"...అందుకే చెప్తున్నా ఇర్మా, ఈ లోయలో నా బీరు దిగని గొంతు లేదు."

"ఒకటుంది."

"ఎవరిది?"

"నాది."

"నీది లెక్కలోకి రాదు. నా బీరుకి గ్యాసు పోసేదానివి, ఇంటి మనిషి కింద లెక్క. ఇంటివాళ్ళకి ఆఖరి పంక్తిలో వడ్డిస్తారు."

"నాలుగేళ్ళయింది పెద్దాయనా. ఆ పంక్తి ఇంకా లేవలేదా?"

"లేస్తుంది. ఈలోపు ఇవి పట్టు."

"మళ్ళీ టొమాటోలేనా."

"మళ్ళీ టొమాటోలే."

"ఇదేమిటండీ, ఒక్కోటి పసిపిల్ల తలకాయంత ఉంది. ఊళ్ళో ఎవరింట్లోనూ పచ్చగా తీగే లేదిప్పుడు. ఏం వేస్తున్నారు వీటికి?"

"మాటలు. పొద్దున్నే మొక్కల గాజు గదిలోకి వెళ్ళి ఒక కథ చెప్తాను. నోరు తెరుచుకుని వింటాయి. అలా తెరుచుకున్నప్పుడే ఉబ్బుతాయి."

"ఎరువు పేరు చెప్పరన్నమాట."

"చెప్తే నువ్వే పెంచుకుంటావు. ఇంక నాతో పనేముంది? సరే, సిలిండరు ఎత్తు. కాటా మీద పెట్టు."

"ఉండండి. తెల్లారి లేచిందగ్గర్నుంచి మంటలార్పే డబ్బాలు విప్పుతూనే ఉన్నాను. భుజం ఊడొస్తోంది."

"పోనీ నేనెత్తుతాను."

"మీరు దాన్నెత్తితే మిమ్మల్ని నేనెత్తాలి. అక్కడే ఉంచండి. అసలు ఎత్తే పనే లేదు. నిన్న ఫోన్లో చెప్పాను కదా."

"ఫోన్లో సరిగా వినపడలేదు."

"వినపడింది. వినపడింది కాబట్టే ఠక్కున పెట్టేశారు."

"ఏమన్నావేమిటి?"

"శనివారం పంపు తీసేస్తున్నాను. త్సెల్యే పట్నం నుంచి మనుషులొచ్చి విప్పి పట్టుకుపోతారు. ఇంక ఇక్కడ గ్యాసు నింపడం ఉండదు."

"ఆ."

"ఆ అంటే?"

"ఇప్పుడు కూడా సరిగా వినపడలేదు."

"పెద్దాయనా."

"ఎందుకు తీసేయడం? బానే ఉందిగా పంపు. ఒక్క దగ్గు తప్ప."

"పంపు బానే ఉంది. నేను బాలేను. అలిసిపోయాను."

"అలిసిపోతే కూర్చో. అలిసినప్పుడల్లా సామాను విప్పేస్తే మా ఇంట్లో తలుపులు కూడా మిగలవు."

"ఎవరొస్తున్నారు చెప్పండి? చేపల తొట్టిలో మొక్కలకి గ్యాసు పట్టే టీచరమ్మ ఊరు మారిపోయింది. ఇనుము అతికేవాళ్ళకి లారీలో వస్తోంది. ఇంట్లో బీరు కాచుకునే కుర్రాళ్ళంతా పెట్రోలు బంకులో ఖాళీది ఇచ్చేసి నిండుది పట్టుకుపోతున్నారు. మిగిలింది మీరొక్కరు."

"ఒక్కడు చాలడా?"

"పంపుకి చాలడు. నా భుజానికి ఆ ఒక్కడే ఎక్కువ."

"ఆ బంకుకి వెళ్ళొచ్చాను పొద్దున."

"వెళ్ళారా? మరి మార్చుకోలేకపోయారా?"

"అక్కడున్న పిల్ల ఈ సిలిండరు వంక తలెత్తి చూడలేదు ఇర్మా. ఖాళీల బోనులో పెట్టి పక్కది తీసుకోండి అంది. మంచిదమ్మా, ఇందులో గ్యాసు ఏ బీరుకి పోతుందో తెలుసా అని మొదలుపెట్టాను. వెనక జనం ఉన్నారు, జరగండి అంది. తిరిగి చూశాను. ఒక కుక్క ఉంది."

"పాపం, కుక్కకి తొందరేమో."

"కుక్క వింటానన్నట్టే కూర్చుంది. పిల్లే వినలేదు. సరే అని ఇనుము అతికే కొట్టుకి తోసుకుపోయాను. మీరే నింపుతారా, నేను పక్కన నిలబడి చూడొచ్చా అని అడిగాను. ఎక్కడో నింపుతారు, మంగళవారం లారీ వస్తుంది అన్నాడు. నిలబడే చోటు లేదు అక్కడ. తర్వాత హాప్ గిడ్డంగి అవతల పెద్ద గ్యాసు కంపెనీకి."

"అంత దూరం తోసుకెళ్ళారా? ఈ బండిలో?"

"తోసుకెళ్ళాను. గేటు దగ్గర మనిషే లేడు. గోడకి ఒక పెట్టె ఉంది, బొత్తాం నొక్కి మాట్లాడమంది. మాట్లాడాను. మంచి చోటుకి వచ్చేసరికి కట్టయింది."

"పెట్టె కూడానా?"

"పెట్టె కూడా. అప్పుడనిపించింది తల్లీ, మోకాళ్ళు అరిగాయని. అంతకుముందు తెలీలేదు."

"కూర్చోండి ఆ స్టూలు మీద. రొట్టె ఉంది, మీ టొమాటోయే కోస్తాను. గుమ్మడి గింజల నూనె వేసుకుంటారా?"

"వేసుకుంటాను. ముందు సిలిండరు ఫ్రీజర్లో పెట్టు. చల్లబడుతూ ఉంటుంది, మనం తింటూ ఉంటాం."

"పెట్టను."

"పెట్టకపోతే నిండదు. వేడి సిలిండర్లో గ్యాసు కుదురుగా కూర్చోదు, నువ్వే చెప్పావు."

"నింపనసలు. ఇటు వంగి చూడండి. మెడ కింద గుద్దిన అంకెలు కనపడుతున్నాయా? పదేళ్ళకోసారి దీన్ని పరీక్ష చేయించాలి. గడువు పోయిన నెలతో అయిపోయింది. పోయినసారి చెప్పాను, అంతకుముందూ చెప్పాను."

"గడువు దాటినట్టు సిలిండరుకి తెలుసా?"

"తెలిసిన రోజున ఈ షెడ్డు పైకప్పు మీ గాజు గది మీద ఉంటుంది."

"ఇది అలాంటి సిలిండరు కాదమ్మాయ్. మా తాత ఆస్ట్రియా చక్రవర్తి దగ్గర జలాంతర్గామిలో పనిచేసేవాడు. అది మునిగిపోతుంటే దీన్ని కౌగిలించుకుని పైకి తేలాడు. అడ్రియాటిక్ సముద్రం అడుగు చూసొచ్చిన సిలిండరుకి పరీక్షేమిటి?"

"పక్కనే రాసుంది, ఇటలీలో తయారీ. పదేళ్ళ కిందటే. మీ తాత అప్పుడింకా మునుగుతూ ఉన్నాడా?"

"అయితే అది వేరే సిలిండరు."

"తాత?"

"తాత కూడా వేరే. మా తాత పడవ ఎక్కితేనే వాంతి చేసుకునేవాడు. మంచి మనిషి. నూనె ఇంకొంచెం వెయ్యి."

"వెయ్యొచ్చు. వినండి ముందు. దీన్ని పరీక్షకి పంపిస్తే తిరిగొచ్చేసరికి మూడు వారాలు. అప్పటికి పంపు ఉండదు. నా దగ్గర ఒకటి నిండుది ఉంది, గడువున్నది. అది పట్టుకెళ్ళండి, ఇది వదిలెయ్యండి. ఒక్క నిమిషం పని."

"ఒక్క నిమిషం పని నాకొద్దు."

"వద్దా?"

"వద్దు."

"మీకు కావలసింది గ్యాసా, ఈ డబ్బానా?"

"నింపడం."

"నింపడం ఏమిటండీ. అదేమన్నా తిరనాళ్ళా? ఫ్రీజర్లో పెట్టాలి, తియ్యాలి, కాటా ఎక్కించాలి, గొట్టం బిగించాలి. వాల్వు మీద చెయ్యి, కాటా ముల్లు మీద కన్ను. చెయ్యి తీస్తే తప్పు, కన్ను తిప్పితే తప్పు. ఫోను మోగినా తియ్యలేను, ముక్కు దురద పెట్టినా గోక్కోలేను. అరగంట అలా కొయ్యబొమ్మలా నిలబడితే నా నడుం ఏమవుతుందో తెలుసా? మీకేం, ఆ స్టూలు మీద కాలు మీద కాలేసుకుని..."

"కాలేసుకుని?"

"కథలు."

"రొట్టె బావుంది. నువ్వే కాల్చావా?"

"మాట మార్చకండి. ఉండండి, ఎవరో వచ్చారు. రా స్లావ్కో. మీ అగ్నిమాపక సంఘం డబ్బాలన్నీ అయిపోయాయి, ఆ మూల పెట్టాను. అన్నిటికీ కొత్త చీటీలు కట్టాను."

"బతికించావు పిన్నీ. మధ్యాహ్నం స్కూల్లో పిల్లలకి చూపించాలి. ఏం బాబాయ్, బాగున్నావా? పొద్దున్నే గ్యాసు పట్టుకుపోవడానికొచ్చావా?"

"పట్టుకుపోవడానికే. మీ ఇర్మా పిన్ని పట్టనివ్వట్లేదు."

"స్లావ్కో, నువ్వు చెప్పు. ఈయన బీరు దిగని గొంతు లోయలోనే లేదంటున్నాడు. మీ సంఘానికి నువ్వు నాయకుడివి కదా. నీ గొంతులో ఎప్పుడన్నా దిగిందా?"

"బాబాయ్ బీరా? పోయినేడు వేసవి జాతరకి ఒక పీపా తెస్తానన్నాడు."

"తెచ్చాడా?"

"బయల్దేరానని చెప్పాడు పిన్నీ."

"బయల్దేరాను. అబద్ధమేం కాదు. వంతెన మలుపులో పీపా బండిలోంచి దూకి సవిన్యా నదిలో పడింది. అది పగిలిన చోట చేపలన్నీ పైకొచ్చి వెల్లకిలా పడుకున్నాయి. గేలం అక్కర్లేదు, దోసిలితో తీసుకున్నారు జనం. అందులో ఒక ముసలి చేప ఏం చేసిందంటే..."

"పాట పాడింది. విన్నాను బాబాయ్."

"రెండో చరణం విన్నావా?"

"మళ్ళీ వింటాను. పిన్నీ, ఈ రెండూ మొదట తీసుకెళ్తున్నా."

"అయితే నురగ సంగతి చెప్తాను, అది మీ నాన్నకి సంబంధించింది. ఆగు. ఆ డబ్బాలు దించు, దించి విను. మొన్న జూన్‌లో నేను పీపాకి గ్యాసు పెట్టి, రెగ్యులేటరు తిప్పి, అలా మంచం మీద ఒరిగానంతే. వాల్వు కాస్త ఎక్కువ తెరిచి మర్చిపోయాను. లేచేసరికి నేలమాళిగ నిండా నురగ. మెట్లెక్కింది. వంటింట్లోకొచ్చింది. పిల్లి ఎక్కడుందో తెలీదు, మ్యావ్ మాత్రం వినపడుతోంది. పొగగొట్టంలోంచి బయటికొచ్చి ఊరంతా పడింది. అప్పుడు మీ నాన్న ఏం చేశాడు?"

"మా నాన్న ఏం చేశాడు?"

"పంచాయతీ మంచు తీసే బండి బయటికి తీశాడు."

"జూన్‌లోనా?"

"నిద్రమొహం. కేలండరు చూళ్ళేదు. తెల్లగా కనపడింది, తీశాడు. చర్చి దాకా దారి చేశాడు. అక్కడ ఫాదర్ గారు క్రిస్మస్ వచ్చేసిందనుకుని..."

"బాబాయ్, నిజంగా తొందరగా ఉంది. స్కూలు వాళ్ళు ఎదురుచూస్తుంటారు."

"మధ్యాహ్నమన్నావు కదా."

"ముందు బండి కడగాలి. ఇంకోసారి వింటాను. వస్తా పిన్నీ. మిగతావి సాయంత్రం మావాణ్ణి పంపిస్తా."

"...వెళ్ళిపోయాడు."

"కుర్రాడు మంచివాడే పెద్దాయనా. పనులుంటాయి."

"ఉంటాయి. సత్రంలో కూడా అందరికీ పనులుంటాయి. నేను కుర్చీ లాక్కుని కూర్చునేసరికి ఒకడికి ఆవు ఈనుతుంది, ఒకడికి పెళ్ళాం పిలుస్తుంది. ఆ పెళ్ళాం పోయి రెండేళ్ళయింది, అయినా పిలుస్తుంది."

"తర్వాత ఏమైంది?"

"దేనికి?"

"ఫాదర్ గారు. క్రిస్మస్ వచ్చేసిందనుకుని?"

"ఆ. అనుకుని గంట కొట్టించాడు. జనమంతా కోట్లు వేసుకుని వచ్చారు. జూన్ ఎండలో ఉన్ని కోట్లు ఇర్మా, చెమటలు కారుతున్నాయి. అయినా ఎవడూ విప్పడు. పక్కవాడు విప్పలేదు కదా. చివరికి బ్యాండులో బాకా ఊదే లావుపాటివాడు, వాడే ముందు నాలిక బయటపెట్టి ఒక నురగ రేకు పట్టుకున్నాడు. రుచి చూశాడు. ఇది మంచు కాదన్నాడు. అంతే, ఊరంతా నాలికలు చాచుకుని నిలబడ్డారు, ఫాదర్ గారితో సహా."

"అందుకే మీ బీరు దిగని గొంతు లేదన్నమాట."

"అందుకే."

"నేనెక్కడున్నాను ఆ రోజు?"

"నువ్వు... త్సెల్యే వెళ్ళావు. భుజానికి కట్టు మార్పించుకోడానికి."

"జూన్‌లో నాకు భుజం నెప్పి లేదు."

"వెళ్ళావు కాబట్టే వచ్చింది."

"ఎప్పుడు చెప్పినా ఇంతే మీరు. చేపలు తాగేస్తాయి, నురగైపోతుంది, శీతాకాలం గొట్టంలో గడ్డకట్టి బ్యాండువాళ్ళు చప్పరించేస్తారు. కథ మాత్రం నా దాకా వస్తుంది, బీరు రాదు."

"కథ బాలేదా?"

"బావుంది. అందుకే అడిగాను మిగతాది. సరే, జరగండి. ఆ సిలిండరు ఇలా ఇవ్వండి."

"నింపుతావా?"

"నింపను. పరీక్షకి పంపిస్తాను. మీకు ఇదే కావాలంటున్నారు కాబట్టి గడువు పొడిగించి తెప్పిస్తాను. తర్వాత ఎక్కడ నింపించుకుంటారో మీ ఇష్టం. అందులో అడుగూ బొడుగూ ఏమన్నా మిగిలుంటే ముందు వదిలెయ్యాలి. కాటా మీద పెడతాను, ఎంతుందో చూసి..."

"కాటా ఎందుకు? ఖాళీదే. వట్టిది. ఊపి చూడు."

"ఊపడానికి భుజం లేదన్నాను కదా. జరగండి. ఊఁ... ఇదేమిటి ఇంత బరువు?"

"నువ్వు అలిసిపోయావు కదా. అలిసినప్పుడు అన్నీ బరువే."

"కాటా కూడా అలిసిపోయిందా? ముల్లు చూడండి."

"కళ్ళజోడు తేలేదు."

"నిండుగా ఉందండీ ఇది. నేను పోయిన నెల నింపి పంపినట్టే ఉంది. నా పసుపు మూత కూడా అలాగే ఉంది. పెద్దాయనా, ఊళ్ళన్నీ తిరిగి, మోకాళ్ళు అరగదీసుకుని, నిండు సిలిండరు తోసుకొచ్చారా నింపించుకోడానికి?"

"నా బీరు సంగతి నీకు తెలీదు ఇర్మా. మహా పౌరుషం దానికి. ఎక్కువైన గ్యాసు కడుపులో ఉంచుకోదు. రాత్రికి రాత్రి తిరిగి సిలిండర్లోకి పంపించేస్తుంది."

"మూత విప్పకుండానా?"

"మూత... మర్యాదస్తురాలు. లోపలికెళ్ళి మళ్ళీ మూత పెడుతుంది."

"పెద్దాయనా."

"ఊఁ."

"నా మొహం చూసి చెప్పండి. నాకు ఓపిక లేదు ఇవాళ. కోపం కూడా రావట్లేదు, దానికీ ఓపిక కావాలి. ఎందుకు తెచ్చారు?"

"శనివారం తీసేస్తానన్నావు కదా."

"అంటే వినపడింది ఫోన్లో."

"వినపడింది. ఇంక ఖాళీ అయ్యేదాకా ఆగితే నువ్వుండవు. అందుకని ఉన్నది ఉన్నట్టు తోసుకొచ్చేశాను. చివరిసారి ఒక అరగంట దొరుకుతుందేమో అని."

"ఏం అరగంట?"

"నువ్వే చెప్పావు కదా. వాల్వు మీద చెయ్యి, ముల్లు మీద కన్ను. ఫోను మోగినా కదలవు. ఆవు ఈనదు. ఎవరూ పిలవరు. మొదలుపెట్టిన కథ చివరిదాకా చెప్పడానికి ఈ లోయ మొత్తం మీద నాకు ఇదొక్క చోటే ఉంది ఇర్మా. సిలిండరు నిండేలోగా ఏ కథైనా అయిపోతుంది. పెద్దదైతే నువ్వు వాల్వు కాస్త నెమ్మదిగా తిప్పుతావు. నేను గమనించాను."

"నేనేం తిప్పలేదు."

"జలాంతర్గామి కథ మొదటిసారి చెప్పిన రోజున బాగా నెమ్మదిగా తిప్పావు."

"ఆ రోజు గ్యాసు సరిగా ఎక్కలేదు."

"సరే. ఎక్కలేదు."

"నాకు తెలీక అడుగుతాను. ఈ పంపు నేను పోయినేడే తీసేద్దామనుకున్నాను. ఎందుకు తియ్యలేదో తెలుసా? ఈ ముసలాయన పీపాలు చల్లారిపోతాయి, బీరులో పొంగు లేకపోతే ఊళ్ళో పరువు పోతుంది, ఏదో పెట్టుకున్న ఒక్క సరదా అని. చలికాలంలో రెండుసార్లు నూనె మార్చాను దానికి. భుజానికి కట్టు కట్టుకుని మీ సిలిండరు ఎత్తాను. మీ బీరు కోసం."

"తెలుసు."

"తెలుసా?"

"తెలీదు. ఇప్పుడు తెలిసింది. ఇంక ఆ మాట అనకు, రొట్టె తిననీ."

"నీళ్ళు తాగండి. ఇటు చూడండి. నా చెయ్యి ఎక్కడుంది?"

"టొమాటో మీద."

"వాల్వు మీద లేదు కదా. కాటా మీద కన్ను లేదు కదా. పంపు ఆపేసి ఉంది, చప్పుడు వినపడుతోందా? మీరొచ్చిందగ్గర్నుంచి ఇక్కడే ఉన్నాను. ఫాదర్ గారి దగ్గర ఆపితే మిగతాది అడిగి చెప్పించుకున్నాను. ఎక్కడికన్నా పోయానా?"

"...పోలేదు."

"మరి?"

"భుజం నెప్పి అనుకున్నాను."

"భుజం నెప్పికి చెవులు పనిచేస్తాయా? మీ అంత తెలివైనవాణ్ణి నేను చూళ్ళేదు. నెలనెలా ఇనుప డబ్బా తోసుకుంటూ కొండెక్కి వచ్చారు కానీ, ఊరికే వచ్చి ఆ స్టూలు మీద కూర్చోవచ్చని తోచలేదు."

"ఊరికే వస్తే ఏమనుకుంటారు? మొగుడు పోయినావిడ షెడ్డు, పెళ్ళాం పోయిన ముసలాడు. ఎందుకొచ్చావంటే ఏం చెప్పను?"

"కథలు చెప్పేవాడికి అది చెప్పడం రాలేదా?"

"అది కథ కాదు కదా."

"...పంపు శనివారం పోతుంది. దాని విషయంలో మాట మార్చను, నా వల్ల కాదు. ఈ సిలిండరు ఎక్కడికీ పంపక్కర్లేదు కూడా, నిండుగా ఉంది, మీ బీరుకి చలికాలం దాకా వస్తుంది."

"వస్తుంది."

"ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మీ ఇంటికొస్తాను."

"మా ఇంటికా?"

"మీ ఇంటికే. సాసేజీలు నేను తెస్తాను, ముల్లంగి తురుము కూడా. అరగంట కాదు, చీకటి పడేదాకా కూర్చుంటాను. చేప పాట రెండో చరణం కూడా వినాలి, స్లావ్కో విననివ్వలేదు. చెప్పినన్ని చెప్పండి."

"ఆదివారం... ఆదివారం ఇల్లు ఊడ్చి ఉండదేమో."

"ఊడ్చండి. ఇంకా మూడు రోజులుంది. నాక్కావలసింది ఒక్కటే. నాలుగేళ్ళుగా నేను పోసిన గ్యాసు ఏ బీరులోకి పోయిందో ఆ బీరు ఒక్క గ్లాసు నా ముందు పెట్టాలి. చేపలకీ ఫాదర్ గారికీ దొరికింది, నాకూ దొరకాలి."

"టీ తాగవా నువ్వు? లిండెను పూల టీ పెడతాను. చాలా బాగా పెడతాను."

"బీరు."

"రేగిపళ్ళ రసం ఉంది, కిందటేడుది."

"పెద్దాయనా, ఏమిటి ఆ చూపు? నేలమాళిగలో ఎన్ని పీపాలున్నాయి?"

"నేలమాళిగలో బంగాళాదుంపలున్నాయి."

"పక్కన?"

"పక్కన ఉల్లిపాయలు."

"గ్లాసు మాటేమిటి?"

"గ్లాసులున్నాయి. మంచి గ్లాసులు, మా ఆవిడవి. ఇర్మా, ఇంటికొచ్చాక తెలిసేకంటే ఇప్పుడే చెప్తాను, కత్తి అవతల పెట్టు. నేను నీకు చెప్పినవన్నీ నిజం. చేప పాడింది నిజం, జూన్‌లో మంచు బండి తీసింది నిజం, ఊరంతా ఉన్ని కోట్లలో ఉడికింది నిజం. అన్నిట్లోకీ నేను కల్పించి చెప్పింది ఒకే ఒక్కటి, బీరు. అదెలా కాస్తారో కూడా నాకు తెలీదు. నువ్వు పోసిన గ్యాసంతా గాజు గది గుమ్మంలో నిలబడి కాస్త కాస్తగా లోపలికి వదిలేశాను, తీగలు దాన్ని పీల్చుకునే ఉబ్బాయి, ఇదిగో నువ్వు నోట్లో పెట్టుకున్న టొమాటో అదే."